బోరు కాడ కెమెరా: నా 19 రోజుల తిప్పలు

ఆగస్టు 3, ఆదివారం పొద్దున ఆరున్నరకు ఊరి నుంచి అమ్మ ఫోన్. "మోటరు ఉన్నది గని బిడ్డా, వైరంత కోసుకపోయిండ్రు" అన్నది. స్టార్టర్ డబ్బా నుంచి బోరు దాకా నలభై మీటర్ల కేబుల్ రాత్రికి రాత్రే మాయం. రెండేళ్లలో ఇది రెండోసారి. తోట అవతలి గట్టు మీద కేబుల్ పైతోలు కాల్చిన నల్ల మచ్చ ఒక్కటి మిగిలింది, లోపలి రాగి పట్టుకుపోయారు. బత్తాయి కాయ మీద ఉంది, నీళ్లు ఆపితే కాయ రాలుతుంది. కొత్త కేబుల్‌కు 6,800, మెకానిక్‌కు 800 పెట్టి సాయంత్రానికల్లా మోటారు నడిపించాను. బండి మీద నల్గొండకు తిరిగి వస్తుంటే దారి పొడుగునా ఒకటే ఆలోచన: ఈసారి కెమెరా పెట్టాల్సిందే.

నాది క్లాక్ టవర్ దగ్గర జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు. ఊరు కొండమల్లేపల్లి పక్కన, బండి మీద గంటకు పైనే. అక్కడ అమ్మ, ఒక బర్రె, నాలుగెకరాల తోట. ఇంట్లో ఫైబర్ నెట్ ఉంది, అమ్మ సీరియళ్ల కోసం చెల్లె పెట్టించింది. నన్ను ఊళ్లో "కంప్యూటర్ సారు" అంటారు. కెమెరా పెట్టడం నాకు పెద్ద పనేమీ కాదనుకున్నాను. ఆగస్టు 10న బిగించిన నాటి నుంచి 28 దాకా, పందొమ్మిది రోజులు, ఆ పని తెమలలేదు.

ఆగస్టు 6న హైదరాబాద్ వెళ్లి కోఠిలోని గుజరాతీ గల్లీలో సామాను కొన్నాను. ఇంటి వెనక నుంచి మోటారు షెడ్డు దాకా అడుగులతో కొలిస్తే డెబ్బై మీటర్లు వచ్చింది, అంత దూరం వైఫై అందదు. అందుకని పీఓఈ కెమెరా తీసుకున్నాను. ఒకే నెట్ కేబుల్‌లో నెట్టు, కరెంటు రెండూ పోతాయి, వంద మీటర్ల దాకా ఇబ్బంది ఉండదు. కెమెరా 3,700, దానికి కరెంటు ఎక్కించే పీఓఈ అడాప్టర్ 650, బయట ఎండకు వానకు తట్టుకునే కేబుల్ ఎనభై మీటర్లకు 2,240, 128 జీబీ మెమరీ కార్డు 1,250. రికార్డింగ్ అంతా కెమెరాలోని కార్డులోనే అవుతుంది కాబట్టి వేరే డబ్బా అక్కర్లేదన్నాడు షాపతను. అది నిజమే.

10వ తేదీ ఆదివారం బిగించే తమ్మి వచ్చాడు. కేబుల్ లాగడం, షెడ్డు మూల పోలుకు కెమెరా బిగించడం, కొనలకు క్లిప్పులు కొట్టడం చాలా శుభ్రంగా చేశాడు, ఆ పనికి వంక పెట్టలేను. మధ్యాహ్నం రెండుకు తన ల్యాప్‌టాప్‌లో ఏదో కొట్టి, నా ఫోన్‌లో యాప్ వేయించి, కెమెరా మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేయించి, "అయిపోయిందన్నా, చూస్కో" అన్నాడు. చూశాను. మోటారు, స్టార్టర్ డబ్బా, వెనకాల రెండు వరసల బత్తాయి చెట్లు, అన్నీ అద్దంలో చూసినట్టు కనిపించాయి. 1,200 ఇచ్చి పంపాను.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో గుర్రంపోడు దాటాక ఒక చింతచెట్టు కింద బండి ఆపాను. ఊరికే, ఒకసారి చూసుకుందామని. యాప్ తెరిస్తే గుండ్రం తిరిగి తిరిగి "ఆఫ్‌లైన్" అని వచ్చింది. సిగ్నల్ లేదేమో అనుకున్నాను. ఇంటికి వచ్చి చూసినా అంతే. అమ్మకు ఫోన్ చేస్తే "గా ఎర్ర లైటు ఎలుగుతనే ఉన్నది" అన్నది.

మీరు కెమెరా పెట్టించుకుంటే ఈ ఒక్క జాగ్రత్త తీసుకోండి: బిగించినతను ఇంట్లో ఉండగానే మీ ఫోన్‌లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద చూడండి. ఇంటి వైఫైలో ఉన్నప్పుడు యాప్ కెమెరాను నేరుగా దొరకబుచ్చుకుంటుంది, ఇంటర్నెట్‌తో పనే ఉండదు. కెమెరా బయటి ప్రపంచాన్ని చేరిందో లేదో అప్పుడు తెలియదు. నాకు ఈ ముక్క తెలిసింది అయిదు రోజుల తర్వాత.

ఆ అయిదు రోజులూ తమ్మికి ఫోన్లు. సోమవారం ఎత్తి "రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చెయ్యండన్నా" అన్నాడు. అమ్మ చేత చేయించాను. మంగళవారం ఎత్తలేదు. బుధవారం "మీ నెట్ ప్రాబ్లం" అన్నాడు. నెట్ వాళ్లకు చేస్తే "మీ కెమెరా ప్రాబ్లం" అన్నారు. గురువారం తమ్మిని బతిమాలి కెమెరా పాస్‌వర్డ్ మాత్రం వాట్సాప్‌లో పెట్టించుకున్నాను. పక్క ఊళ్లో మా మేనబావ ఇంట్లో కూడా ఇతనే కెమెరాలు పెట్టాడని గుర్తొచ్చి, ఊరికే అడిగితే, వాళ్లదీ అక్షరం పొల్లు పోకుండా అదే పాస్‌వర్డ్. ఆ చుట్టుపక్కల అతను బిగించిన కెమెరాలన్నీ ఒకే తాళంచెవికి తెరుచుకుంటాయన్నమాట.

ఆగస్టు 15న షాపు మూసి, ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఊరికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని, ల్యాప్‌టాప్‌ను నెట్ కేబుల్‌తో రౌటర్‌కు కలిపి, బ్రౌజర్‌లో తమ్మి చెప్పిన కెమెరా అడ్రస్, అంటే ఇంటి నెట్‌లో దానికి ఉండే ఐపీ నంబర్, కొట్టాను. పాస్‌వర్డ్ అడిగింది, ఇచ్చాను, తెరుచుకుంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, అందులో టీసీపీ ఐపీ అనే పేజీ. అక్కడ ఉన్నవి ఇవి:

ఐపీ అడ్రస్ 192.168.0.108
సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0
గేట్‌వే 192.168.1.1
డీఎన్‌ఎస్ 8.8.8.8

ఈ నాలుగు వరసలను ఒక గంట చూసి ఉంటాను. మా రౌటర్ వెనక స్టిక్కర్ మీద ఉన్న అడ్రస్ 192.168.0.1. గేట్‌వే అంటే కెమెరా బయటికి వెళ్లాలంటే దాటాల్సిన గడప, అంటే రౌటరే. ఆ మాస్క్ ప్రకారం మొదటి మూడు అంకెలు ఒకటే అయితేనే ఇద్దరూ ఒకే వరసలో ఉన్నట్టు. డీఎన్‌ఎస్ వెబ్‌సైట్ పేర్లను అడ్రస్‌లుగా మార్చేది, దానితో ఇక్కడ గొడవ లేదు. కానీ ఇక్కడ మూడో అంకె సున్నాకు బదులు ఒకటి ఉంది. ఆ అడ్రస్‌లో మా ఇంట్లో ఏ వస్తువూ లేదు.

జరిగింది ఏమిటంటే, కెమెరా ఫ్యాక్టరీ నుంచి 192.168.1.108 అనే అడ్రస్‌తో వచ్చింది. మా రౌటర్‌ది వేరే వరస కాబట్టి తమ్మి కెమెరా అడ్రస్‌లో 1 తీసి 0 పెట్టాడు. దాని కిందే ఉన్న గేట్‌వేను ముట్టుకోలేదు. ఇంటి నంబర్ మార్చి, వీధిలోకి తెరుచుకునే తలుపు మాత్రం పాత ఊళ్లోనే వదిలేసినట్టు. ఇంట్లో వాళ్లకు కనిపిస్తుంది, బయటి వాళ్లకు ఉలుకూ పలుకూ లేదు. కొన్ని కెమెరాలు ఇలాంటి పొసగని గేట్‌వే ఇస్తే ఒప్పుకోవట, నాది మాత్రం కిక్కురుమనకుండా సేవ్ చేసుకుంది.

తప్పు దొరికింది కదా, ఒక్క అంకె మారిస్తే చాలు. చాలు కానీ, నా తొందరకు అది చాలలేదు. గేట్‌వే గడిలో కొడుతుంటే కర్సర్ పక్క గడిలోకి దూకింది. విసుగొచ్చి అన్ని గడులూ చెరిపి మొదటి నుంచి కొట్టి సేవ్ నొక్కాను. పేజీ తెల్లగా అయిపోయింది. ఇంకో ట్యాబ్‌లో పాత అడ్రస్ కొట్టాను, రాలేదు. ఫోన్ యాప్‌లో ఇంతకు ముందు ఇంట్లో అయినా కనిపించేది, ఇప్పుడు అదీ లేదు.

టెన్షన్ మొదలైంది. పీఓఈ అడాప్టర్ పీకి పెట్టాను. రౌటర్ పీకి పెట్టాను. నిచ్చెన వేసుకుని పోలు ఎక్కాను, మెమరీ కార్డు మూత కింద రీసెట్ బటన్ ఉంటుందని పెట్టెలోని కాగితంలో చదివి. మూత స్క్రూలకు సరిపడే స్క్రూడ్రైవర్ ఇంట్లో లేదు. అమ్మ కింద నిచ్చెన పట్టుకుని "దొంగలు గిట్ల ఎక్కుతరని కెమెరా పెడితివి, నువ్వే ఎక్కవడితివి" అన్నది. చినుకులు మొదలైతే దిగి వచ్చాను. నాలుగు వేల రూపాయల వస్తువును నా చేత్తో చంపుకున్నానని ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా దిగలేదు.

తొమ్మిదింటికి మా అమ్మాయి ఫోన్ చేసింది. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. గోడు వెళ్లబోసుకున్నాను.

"డాడీ, సేవ్ కొట్టిన ఆ పేజీ మూసేసినవా?"

"లేదు, తెల్లగా అట్లనే ఉంది."

"పైన అడ్రస్ బార్‌లో ఏముందో చదువు. కొన్నిసార్లు కొత్త అడ్రస్‌కు అదే పోతది."

చదివాను. 192.168.9.108.

"తొమ్మిదా?" అంది.

కీబోర్డు చూసుకున్నాను. తొమ్మిది, సున్నా పక్కపక్కనే. నా వేలు ఒక్క మీట అటు పడింది. కెమెరా చావలేదు, ఎవరూ లేని మూడో వరసలోకి వెళ్లి కూర్చుంది.

తిరిగి పట్టుకునే పద్ధతి ఆమే చెప్పింది. ల్యాప్‌టాప్‌కు రౌటర్ ఇచ్చే అడ్రస్ వద్దని, చేత్తో 192.168.9.50 అని పెట్టమంది. ఇద్దరూ ఒకే వరసలో ఉంటే మాట్లాడుకుంటారు, మధ్యలో రౌటర్ అడ్రస్ ఏదైనా అడ్డం రాదు. పెట్టాను. బ్రౌజర్‌లో 192.168.9.108 కొట్టగానే లాగిన్ పేజీ వచ్చింది. అప్పుడు టైము 9:40. ఐపీ 192.168.0.108, గేట్‌వే 192.168.0.1. ఈసారి ఒక్కో అంకె పైకి చదువుకుంటూ కొట్టాను. సేవ్ నొక్కే ముందు పేజీని ఫోన్‌తో ఫోటో కూడా తీశాను. ఫోటో తీసుకోవడం మీకూ చెబుతున్నాను, మార్చక ముందు ఒకటి, మార్చాక ఒకటి. పాస్‌వర్డ్ కూడా ఆ రాత్రే మార్చి అమ్మ దగ్గరున్న క్యాలెండర్ వెనక రాశాను.

మరో సంగతి. ల్యాప్‌టాప్‌లో చేత్తో పెట్టిన అడ్రస్ తీసి తిరిగి ఆటోమేటిక్ చేయడం మర్చిపోయాను. సోమవారం షాపులో అదే కేబుల్ గుచ్చితే నెట్ రాలేదు, హాల్‌టికెట్ ప్రింట్ కోసం వచ్చిన పిల్లలు నలుగురు క్యూలో నిల్చున్నారు. కారణం వెలిగేసరికి ఇద్దరు పక్క షాపుకు వెళ్లిపోయారు.

శనివారం 16న మధ్యాహ్నం బయల్దేరి అదే చింతచెట్టు కింద బండి ఆపాను. మొబైల్ డేటా మీద యాప్ తెరిచాను. గుండ్రం రెండు చుట్లు తిరిగింది, బొమ్మ వచ్చేసింది. మోటారు షెడ్డు, చెట్లు. అమ్మ చేతిలో బకెట్‌తో నడిచి వస్తోంది. సరిగ్గా కెమెరా కింద ఆగి తల పైకెత్తి ఏదో అన్నది. ఈ కెమెరాలో మైకు లేదు. పెదాలు కదులుతున్నాయి, అంతే. వెంటనే ఫోన్ చేశాను.

"ఇప్పుడు ఏమన్నవమ్మా?"

"సద్ది డబ్బా మర్శిపోయినవ్ అని చెప్తున్న. ఇనవడలేదా?"

మైకు లేదని ఎన్నిసార్లు చెప్పినా ఇప్పటికీ ఆమె కెమెరాకే చెబుతుంది.

ఆ సాయంత్రం నల్గొండలో ఇంట్లో కూర్చుని ఇంకోటి గమనించాను. గడియారంలో ఆరు, బయట ఇంకా వెలుతురే. కెమెరా బొమ్మ మూలన మాత్రం రాత్రి 8:30. సరిగ్గా రెండున్నర గంటల తేడా. కెమెరా చైనా టైము మీద ఉంది, జీఎంటీ ప్లస్ 8. మనది ప్లస్ 5:30. తమ్మి దాన్నీ ముట్టుకోలేదు. ఎప్పుడైనా పోలీసులకు ఫుటేజ్ చూపించాల్సి వస్తే దొంగ వచ్చింది రాత్రి రెండింటికా, నాలుగున్నరకా అని అక్కడే చిక్కు పడేది. యాప్ నుంచే టైమ్ జోన్ మార్చాను. పనిలో పనిగా ఇంటర్నెట్ నుంచి టైము సరిచూసుకునే ఎన్‌టీపీ కూడా ఆన్ చేశాను. గేట్‌వే తప్పుగా ఉన్నన్నాళ్లూ ఇది ఆన్ చేసినా టైము తెచ్చుకోలేకపోయేది, దారే లేదు కదా.

ఆ సంతోషంలో ఆదివారం పొద్దున ఫోన్‌లో మోటారును చూస్తూ కూర్చున్నాను. గంట కూడా కాకముందే రోజు డేటా 1.5 జీబీ అయిపోయినట్టు మెసేజ్. లెక్క వేస్తే సరిగ్గానే ఉంది. కెమెరా పంపే పూర్తి నాణ్యత బొమ్మ, మెయిన్ స్ట్రీమ్, 4 ఎంబీపీఎస్ (సెకనుకు 4 మెగాబిట్లు) మీద ఉంది, అంటే గంటకు 1.8 జీబీ. ఫోన్‌లో చూడటానికి సబ్ స్ట్రీమ్ అని ఇంకోటి ఉంటుంది, తక్కువ నాణ్యతది, 512 కేబీపీఎస్, గంటకు దాదాపు 230 ఎంబీ. నా చిన్న తెరమీద రెండింటికీ తేడా నాకు తెలియలేదు. మెయిన్‌ను కూడా హెచ్.265 అనే, వీడియోను ఇంకా చిన్నగా కుదించే పద్ధతిలో 2 ఎంబీపీఎస్‌కు దించాను. దాంతో కార్డులో రికార్డింగ్ అంతకు ముందు మూడు రోజులు కూడా నిలవనిది ఇప్పుడు అయిదు రోజులకు కాస్త పైన నిలుస్తోంది.

ఇక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఒక వారం ముందే అయిపోయేది.

యాప్ ద్వారా చూడటం అంటే బొమ్మ మన కెమెరాకూ ఫోన్‌కూ మధ్య ఎక్కడో కంపెనీ సర్వర్ పెట్టిన సంబంధం మీద నడుస్తుంది. షాపులో పెద్ద మానిటర్ మీద, యాప్ లేకుండా నేరుగా బ్రౌజర్‌లో పెట్టుకోవాలని నాకు కోరిక పుట్టింది. దానికి రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ చేయాలని వీడియోల్లో చూశాను: బయటి నుంచి ఫలానా నంబర్ తలుపు తడితే కెమెరా దగ్గరికి పంపు అని రౌటర్‌కు చెప్పడం. 16న ఊరు వదిలే ముందే 8080 అని పెట్టి వచ్చాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా షాపులో తీరిక దొరికినప్పుడల్లా ప్రయత్నించాను. ఒక్కసారీ తెరుచుకోలేదు. నెట్ ఆపరేటర్‌కు మూడు ఫోన్లు. మొదటి ఇద్దరూ "మా వైపు అన్నీ ఓపెనే సర్" అన్నారు. మూడో అమ్మాయి నిమిషంలో తేల్చేసింది: "సర్, మీకు పబ్లిక్ ఐపీ లేదు. స్టాటిక్ ఐపీ తీసుకోవాలి, నెలకు వేరే ఛార్జ్." పబ్లిక్ ఐపీ అంటే బయటి ప్రపంచానికి కనిపించే, మన ఒక్కరికే సొంతమైన అడ్రస్. ఆ ఛార్జ్ ఎంతో విన్నాక మా నెల బిల్లే గుర్తొచ్చింది, దానికి తక్కువేమీ లేదు.

24న ఊరికి వెళ్లినప్పుడు రౌటర్ స్టేటస్ పేజీలో చూశాను. వాన్ ఐపీ, అంటే రౌటర్‌కు బయటి వైపు ఉండే అడ్రస్, అన్న చోట 100 తర్వాత డెబ్బైల్లో అంకె ఉన్న నంబర్. ఫోన్‌ను వైఫైలో పెట్టి "నా ఐపీ ఎంత" అని వెతికితే పూర్తిగా వేరే నంబర్ వచ్చింది. మీ రౌటర్‌లోని నంబర్ 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే అర్థం ఇదే: ఆపరేటర్ ఎంతోమంది ఇళ్లను ఒకే బయటి అడ్రస్ వెనక పెట్టాడు. సీజీనాట్ అంటారు. మన రౌటర్ తలుపు తెరిచి పెట్టుకున్నా, దాని ముందు ఇంకో ప్రహరీ ఉంది, దాని తాళం మన దగ్గర లేదు. ఈ రెండు నంబర్లను పోల్చి చూడటం రెండు నిమిషాల పని. ముందే చూసుకుని ఉంటే ఆ వారం మిగిలేది. యాప్ మాత్రం ఎందుకు పనిచేస్తోందంటే, అక్కడ కెమెరానే లోపలి నుంచి బయటికి వెళ్లి సర్వర్‌ను పలకరిస్తుంది. బయటికి వెళ్లడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

మా అమ్మాయికి ఈ పోర్ట్ ఫార్వర్డింగ్ సంగతి చెబితే గట్టిగానే తిట్టింది. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలా తలుపు తెరిచి పెట్టిన, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల్లో పట్టుకుని వాటితోనే పెద్ద పెద్ద వెబ్‌సైట్లను పడగొట్టిందట. "నీకు పబ్లిక్ ఐపీ లేకపోవడమే నయమైంది డాడీ" అంది. ఆ రూల్ తీసేశాను. ఇంట్లోని వస్తువులు అడిగితే ఇలాంటి తలుపులను రౌటర్ దానంతట అదే తెరిచే యూపీఎన్‌పీ కూడా ఆపేయమంది, ఆపేశాను. మానిటర్ మీద చూడటానికి అదే కంపెనీ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ ఒకటి ఊరికే దొరికింది. వారం రోజులు దాని కోసం వెతకనే లేదు నేను.

ఆగస్టు 27, వినాయక చవితి. చెల్లె, బావ, పిల్లలు, మేము, అందరం ఊళ్లోనే. ముందు రోజు నుంచి వాన, కరెంటు పోతూ వస్తూ ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక బావకు కెమెరా చూపిద్దామని యాప్ తెరిస్తే ఆఫ్‌లైన్. అరగంటకు దానంతట అదే వచ్చింది. మళ్లీ పోయింది. సాయంత్రం పిల్లలు మంటపం దగ్గరికి వెళ్లినప్పుడు బ్రహ్మాండంగా పనిచేసింది. వాళ్లు తిరిగి వచ్చి కూర్చోగానే పోయింది. పిల్లలు రావడానికీ కెమెరా పోవడానికీ సంబంధం ఉంటుందని ఎవరికి తోస్తుంది? కేబుల్‌లోకి నీళ్లు దిగాయనే అనుకున్నాను. బావ కూడా అదే అన్నాడు. తమ్మి కొట్టిన క్లిప్పులను లోపల తిట్టుకున్నాను కూడా.

28 పొద్దున ల్యాప్‌టాప్ నుంచి కెమెరాను పింగ్ చేసి, అంటే ఆ అడ్రస్‌లో ఉన్నావా అని పలకరించి, చూశాను. జవాబు వస్తోంది. బ్రౌజర్‌లో తెరిస్తే రాదు. సరే, కేబుల్ సంగతి తేల్చుకుందామని పీఓఈ అడాప్టర్ దగ్గర కెమెరా కేబుల్ పీకి చేతిలో పట్టుకున్నాను. తెర మీద పింగ్ నడుస్తూనే ఉంది. 192.168.0.108 నుంచి జవాబు. జవాబు. జవాబు. కేబుల్ నా చేతిలో ఉంది, కెమెరాకు కరెంటు లేదు, అయినా ఎవరో దాని పేరుతో పలుకుతున్నారు.

రౌటర్‌లో ఎవరెవరు కలిసి ఉన్నారో చూపించే పేజీ తెరిచాను. 108 ఎదురుగా ఒక ఫోన్ మోడల్ పేరు. మా మేనల్లుడిది. మంచం మీద పడుకుని గేమ్ ఆడుతున్నాడు.

మా రౌటర్ వచ్చిన ఫోన్లకు 100 నుంచి 199 దాకా అడ్రస్‌లు పంచుతుంది. కెమెరాకు చేత్తో పెట్టిన 108 కూడా ఆ గుంపులోదే. మామూలుగా కెమెరా ఆన్‌లో ఉంటే రౌటర్ ఆ నంబర్‌ను ఎవరికీ ఇవ్వకుండా చూసుకునేది, అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు అడిగే ఫోన్లు కూడా లేవు. పండగ రోజు కరెంటు పోయింది. రౌటర్ ఇన్వర్టర్ మీద ఉంది, పీఓఈ అడాప్టర్ మాత్రం మామూలు ప్లగ్గులో ఉంది. కెమెరా నిద్రపోయిన ఆ పది నిమిషాల్లో అల్లుడి ఫోన్ వచ్చి అడ్రస్ అడిగింది, రౌటర్ ఖాళీగా కనిపించిన 108 ఇచ్చేసింది. కరెంటు వచ్చాక ఇద్దరూ ఒకటే నంబర్. వాడు మంటపానికి వెళ్తే కెమెరా పలికేది, వాడు ఇంటికొస్తే నోరు మూసుకునేది.

కెమెరా అడ్రస్‌ను 192.168.0.20కి మార్చాను, పంచే గుంపుకు బయట. గేట్‌వే అదే, మిగతావన్నీ అవే. అయిదు నిమిషాల పని. పీఓఈ అడాప్టర్‌ను ఇన్వర్టర్ ప్లగ్గుకు మార్చాను, దానికి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్, 280. అల్లుడికి సంగతి చెబితే "నేనేం జేసిన మామయ్యా" అని బిక్కమొహం వేశాడు. అమ్మ మాత్రం రెండు రోజులు ఊళ్లో అందరికీ చెప్పింది, పిల్లగాని ఫోన్ల కెమెరా జొచ్చిందని.

మొత్తం ఖర్చు లెక్క: సామానుకు 7,840, బిగించినందుకు 1,200, ఎక్స్‌టెన్షన్ బాక్స్ 280, అన్నీ కలిపి 9,320. ఊరికి ఇవే పనుల కోసం తిరిగిన పెట్రోలు ఇందులో వేయలేదు, ఎలాగూ అమ్మను చూడటానికి వెళ్తాను కాబట్టి. పోయిన కేబుల్ ఖర్చు 7,600 దీని పక్కన పెట్టుకుని చూసుకుంటున్నాను. తమ్మి 30వ తేదీన తనంతట తనే ఫోన్ చేశాడు, "అన్నా, సెట్ అయిందా?" అని. గేట్‌వే సంగతి చెప్పాను. కాసేపు ఆగి, "మేనబావ గారి ఇంట్లో కూడా ఓసారి చూస్తానన్నా" అన్నాడు. పాస్‌వర్డ్‌లు కూడా మార్చమని చెప్పాను. "ఊఁ" అన్నాడు.

28 నుంచి ఇప్పటికి పది రోజులు, ఒక్కసారీ ఆఫ్‌లైన్ కాలేదు. కరెంటు పోయినా కెమెరా నడుస్తోంది. కొత్త బాధ ఒకటే. రాత్రి కెమెరా చీకట్లో చూడటానికి వెలిగించే లైట్లకు పురుగులు వస్తాయి, వాటి కోసం సాలీడు వచ్చి అద్దం ముందే గూడు కట్టింది. రాత్రిపూట బొమ్మంతా తెల్లటి దారాలే, గాలికి అవి ఊగితే మనిషి వచ్చాడని యాప్ అర్ధరాత్రి మోగుతోంది. నిన్న అమ్మకు ఫోన్ చేసి పొడుగు కట్టెకు గుడ్డ చుట్టి తుడవమన్నాను. కాసేపటికి యాప్ తెరిస్తే తెర నిండా గుడ్డే. గుడ్డ తప్పుకున్నాక అమ్మ మొహం కనిపించింది, కట్టె చేతిలో పట్టుకుని కెమెరా వైపు చూస్తూ పోయిందా అని అడుగుతోంది. పోలేదు, ఎడమ పక్క ఇంకొంచెం ఉంది. ఫోన్ చేసి చెప్పాను.